చిన్న కాళ్ళకు సరిపోయే దారులు

నవంబరు 4, సోమవారం

రెండో ఆదివారం, నాలుగో ఆదివారం. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా. నంద్యాల కోర్టులో జడ్జి గారు చదువుతుంటే సంత జరిగే రోజులు చెబుతున్నట్టు అనిపించింది. చెబుతున్నది మాత్రం నా కూతురు నాతో ఉండే రోజుల గురించి. వాసవికి ఎనిమిదేళ్ళు. ఏడాది నాలుగు నెలలుగా వాళ్ళమ్మ ఉషశ్రీతో నంద్యాలలో, మా మామ వెంకటేశ్వర్లు గారింట్లో ఉంటోంది. నేను ఆళ్ళగడ్డలో మా నాయన పెట్టిన కిరాణా కొట్టును పట్టుకుని ఉన్నాను.

ఈ ఏర్పాటు ఫిబ్రవరి పదిహేడు దాకానే. ఆ వాయిదా నాడు జడ్జి గారు పాపను లోపలికి పిలిచి, మీ నాయనతో పోవడం నీకిష్టమేనా అని అడుగుతారు. ఇష్టమంటే ఆదివారాలు నాకు ఉంటాయి. లేదంటే ఉండవు. మధ్యలో ఉన్నవి ఏడు ఆదివారాలు.

పప్పుల మిల్లు వాళ్ళు ఇచ్చే డైరీ ఏటా పొట్లాలకు పోయేది. ఈసారి రాద్దామని పక్కన పెట్టాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కొట్టుకు ఈగ కూడా రాదు. ఎవరికీ చూపించేది కాదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాసుకోవచ్చు.

నవంబరు 7, గురువారం

తూకానికి కొన్న పాత కాగితాల కట్టలో ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. నలభై పేజీలుంటుంది, అన్నీ రంగుల బొమ్మలు. ఎక్కడో సముద్రంలోకి పొడుచుకుని వెళ్ళిన నేల, మూడు పక్కలా నీళ్ళు, మధ్యలో ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం. దాని చుట్టూ పిల్లాజెల్లాతో నడవడానికి ఏ దారి మంచిదో రాశారు. ఒక్కో దారికి దూరం, పట్టే సమయం, నీడ, నీళ్ళు, ఎక్కడ కూర్చుని తినొచ్చు, ఏ వయసు పిల్లలు నడవగలరు. తేలికైన దారులకు బుజ్జి పాదం గుర్తు వేశారు. నా బి.కాం. ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివాను. నల్ల రాళ్ళు జారతాయట, గాలి ఎక్కువట. కొండ శాంతించి చాలా ఏళ్ళయింది, పిల్లలతో భయం లేకుండా వెళ్ళొచ్చు అని ఉంది.

అట్ట మీద తండ్రి భుజాలెక్కిన పాప, నాలుగడుగులు ముందు నడుస్తూ వెనక్కి తిరిగి నవ్వుతున్న తల్లి. నేను పాపనే చూశాను.

సముద్రం నేను చూడలేదు. పెళ్ళయిన కొత్తలో ఉష అడిగింది. పండగ సరుకు అమ్ముడయ్యాక పోదామన్నాను. కొట్టున్నవాడికి పండగ సరుకు ఎప్పుడైపోతుంది?

నవంబరు 10, ఆదివారం

మహానందికి తీసుకెళ్ళాను. కార్తీక మాసం, ఆదివారం. ఈ రెండూ కలిపి ఆలోచించని షావుకారు ఈ జిల్లాలో నేనొక్కణ్ణే. కోనేటి దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. వాసవి చెయ్యి రెండుసార్లు నా చేతిలోంచి జారింది. రెండోసారి ఎవరో దాని కాలు తొక్కారు.

"ఇంటికి పోదాం నాయనా" అంది. ఏ ఇంటికి అని అడగాల్సిన పని లేదు.

పదకొండున్నరకు నంద్యాలలో వాళ్ళ గేటు ముందు వ్యాను ఆపాను. మామ వచ్చి గేటు తీశాడు. "ఏందప్పా, అప్పుడే అయిపాయనా?" అన్నాడు. కిటికీ తెర కదిలింది. సాయంత్రం ఆరు దాకా నాతో ఉండాల్సిన పిల్లను పదకొండున్నరకే వాపసు ఇచ్చి వచ్చాను.

నవంబరు 13, బుధవారం

బోణీ అయ్యాక కొట్టు మూసి అహోబిలం వెళ్ళాను. ఇకనుంచి పాపను తీసుకెళ్ళే దారి ముందు నేను నడిచి చూడాలి. ఆ పుస్తకం వాళ్ళు చేసినట్టే.

మెట్ల దగ్గర సోమన్న కనిపించాడు. చెంచు మనిషి, యాభై దాటి ఉంటాయి. అడవిలో కుంకుడుకాయలు, తేనె తెచ్చి మా కొట్టుకే వేస్తాడు కాబట్టి ఎన్నేళ్ళ నుంచో ఎరుగుదును.

"ఏంది శెట్టీ, మెట్లు లెక్కబెడ్తాండావ్? కొనేకొచ్చినావా ఏంది?"

"మా పాపను పిల్చకొస్తా సోమన్నా. నడుస్తాదో లేదో సూస్కుంటాండా."

"పిల్లోల్లు యాడన్నా నడుస్తారా? ఉరుకుతారు. నువ్వు నడ్సగలవో లేదో సూస్కో."

తర్వాత నవ్వుతూ వెంట వచ్చాడు. వాసవి రెండడుగులు నా ఒక్క అడుగు. అలా లెక్కేసి రాసుకున్నాను.

భార్గవ నరసింహస్వామి దారి. దిగువ అహోబిలం నుంచి రెండు కిలోమీటర్ల పైచిలుకు. చిన్న కాళ్ళకు గంట. నీడ ముప్పాతిక భాగం. చివర మెట్లు, మధ్యలో రెండుసార్లు కూర్చోవాలి. గుండంలో నీళ్ళున్నాయి, తాగడానికి మనమే తీసుకెళ్ళాలి. పక్కన బల్లపరుపు రాయి, ముగ్గురు హాయిగా కూర్చోవచ్చు. బుజ్జి పాదం గుర్తు.

ముగ్గురు అని ఎందుకు రాశానంటే సోమన్న కూడా వస్తాడు కదా.

నవంబరు 24, ఆదివారం

నడిచింది! మొత్తం నడిచింది.

మెట్ల దగ్గర ఆయాసపడితే ఎత్తుకుంటానన్నాను. "నేనేం చిన్నపిల్లనా?" అంది. సోమన్న దానికి అడవిపంది తవ్విన గుంత చూపించాడు, ఎలుగుబంటి గోళ్ళు గీరిన చెట్టు చూపించాడు. అది ప్రతి గీతలోనూ వేలు పెట్టి చూసింది. బల్లపరుపు రాయి మీద చిత్రాన్నం తిన్నాం. నేనే కలిపాను, ఉప్పెక్కువైంది. "బాగుండాది" అంటూ రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. వాళ్ళమ్మ కూడా అంతే, నా వంట బాగాలేదని ఎప్పుడూ అనేది కాదు, నీళ్ళు తాగేది.

సోమన్న రాలేదు తినడానికి, చెట్టు కింద పడుకున్నాడు. రాయి మీద మధ్యలో చోటు మిగిలింది.

ఆరుకు ఐదు నిమిషాల ముందు గేటు దగ్గర దింపాను. లోపలికి పరుగెత్తుతూ "అమ్మా, ఎలుగొడ్డు గీరింది సూసినా!" అని అరిచింది. ఉష గొంతు వినిపించింది గానీ మాట అర్థం కాలేదు. వ్యాను స్టార్టు చేయకుండా కాసేపు కూర్చున్నాను.

డిసెంబరు 2, సోమవారం

లాయరు దగ్గరికి వెళ్ళాను. "అవతలి లాయరు ఒకటి అడుగుతాడు. పోయినేడు ఆషాఢంలో మీ ఆవిడకు ఐదో నెలలో నొప్పులొచ్చినాయి. ఇంటికీ కొట్టుకూ ఎంతో దూరం లేదు. ఫోన్ చేస్తే ఎందుకు పోలేదంటాడు. ఏం చెబుతారు?" అన్నాడు.

ఆటో దొరకలేదన్నాను.

"మీకు బండుంది గదా?"

పంక్చరన్నాను. లాయరు రాసుకోకుండా పెన్ను మూత పెట్టాడు.

డిసెంబరు 5, గురువారం

ఆ రోజు ఆటో దొరకలేదు.

డిసెంబరు 8, ఆదివారం

ఎగువ అహోబిలం నుంచి వాగు పక్కన దారి. కిలోమీటరు. మొన్న మంగళవారమే చూసి వచ్చాను. రాళ్ళు ఎక్కువ, కానీ నీళ్ళ చప్పుడు వెంటే ఉంటుంది. కోతులు విపరీతం, తినేవి బయట పెట్టకూడదు. బుజ్జి పాదం గుర్తు సగం.

కోతుల సంగతి పాపకు మూడుసార్లు చెప్పాను. చెప్పి, నేనే అరటిపళ్ళ సంచి రాయి మీద పెట్టి చెప్పు సరిచేసుకున్నాను. సంచి మొత్తం పోయింది. వాసవి రాయి మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. సోమన్న కూడా నవ్వాడు. "శెట్టి దగ్గర ఊరికే సరుకు తీస్కపోయేది ఈ అడవిలో అదొక్కటేరా!" అన్నాడు. ఏడాదిన్నర తర్వాత నా కూతురు నవ్వడం దగ్గర్నుంచి విన్నాను. కోతికి ఇంకో సంచి ఇవ్వాలనిపించింది.

తిరిగి వస్తుంటే సోమన్న అడిగాడు. "పాప వాళ్ళమ్మ రాదా శెట్టీ?"

"ఆమెకు మోకాలు నొప్పి" అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకుండానే "అందుకే ఇంటి కాడుంటాది" అని కూడా చేర్చాను. వాసవి నా మొహం చూసింది.

డిసెంబరు 11, బుధవారం

ఉష గురించి నేను ఆలోచించడం లేదు. ఒక విషయం మాత్రం రాసుకోవాలి. వాగు పక్కన దారిలో ఒకచోట ఎత్తైన మెట్టు ఉంది. చీర కట్టుకున్నవాళ్ళకు కష్టం. ఎవరైనా పైన నిలబడి చెయ్యి అందించాలి. ఆమె ఎడమ చెయ్యే ఇస్తుంది, కుడి చేత్తో కుచ్చిళ్ళు పట్టుకుంటుంది. పెళ్ళయిన ఏడాది యాగంటిలో అలాగే ఎక్కింది. పైకొచ్చాక కూడా చెయ్యి తీయలేదు, చుట్టూ మా చుట్టాలున్నా. ఆ వేళ ఆమె చేతికి మామిడల్లం వాసన వచ్చింది. అంతకుముందు రోజు పచ్చడి పెట్టింది.

పిల్లల దారుల్లో ఎత్తైన మెట్లు గుర్తుపెట్టుకోవడం ముఖ్యం. అందుకే రాశాను.

డిసెంబరు 22, ఆదివారం

మాలోల స్వామి దారి. కొండెక్కాలి. సగం దూరం భుజాల మీద మోశాను. పైన గాలికి దాని జడ నా మొహాన కొడుతూ ఉంది. దిగేటప్పుడు నా తల మీద గడ్డం ఆనించి అంది.

"నాయనా, నీకన్నీ ముందే ఎట్ల తెలుస్తాయి?"

"ముందే వచ్చి సూసిపోతా గదా."

"మరి నువ్వు సూసిందే నేనూ సూడల్లా?"

జారిపోతున్న దాని చెప్పును కాలికి సరిచేశాను.

"నువ్వు సూడని దోవకు పోదాం నాయనా. నీకు తెలీకుండా, నాకు తెలీకుండా."

సరేనన్నాను. సరే అని ఇంటికొచ్చి ఎక్కడికి వెళ్ళాలో ముందే చూసి రావాలనుకున్నాను. నా బుద్ధి ఇంతే.

జనవరి 12, ఆదివారం

జ్వరమట. రాలేదు. మామ ఫోన్‌లో చెప్పాడు. నిజంగా జ్వరమేనా అని అడగలేదు. బెల్లం, నువ్వులు, శనగపప్పు పట్టుకుపోయే జనంతో కొట్టుకు ఊపిరాడలేదు. పండగ సరుకు ఇంతగా ఏ ఏడాదీ పోలేదు. ఇంతమందిలో ఒక్కరితో కూడా మాట్లాడాలనిపించలేదు.

జనవరి 20, సోమవారం

కనుమ నాడు అహోబిలం స్వామి కొండ దిగాడు. ఇక నలభై రోజుల పైగా పల్లకిలో ఊరూరూ తిరుగుతాడు. ఫాల్గుణంలో జరిగే తన పెళ్ళికి రమ్మని ప్రతి ఊరికీ తానే వెళ్ళి పిలుస్తాడు. వచ్చే ఆదివారం పొద్దున పల్లకి ఇక్కడికి దగ్గర్లోని ఒక పల్లె నుంచి పక్క పల్లెకు పోతుందని చెప్పుకున్నారు. మధ్యలో పొలాల దారి. నేనెప్పుడూ నడవలేదు.

చూసి రాకూడదని గట్టిగా అనుకున్నాను. పాపకు సరేనన్నాను కదా. శనివారం దాకా ఆగగలిగితే చాలు.

జనవరి 26, ఆదివారం

దారి చూడకుండానే వెళ్ళాను.

మంచు ఇంకా విడలేదు. ఊరి మధ్యలో పల్లకి దింపి ఉంది, ఇంటింటి నుంచీ కొబ్బరికాయలు వస్తున్నాయి. బిందెలతో వీధంతా నీళ్ళు చల్లి ముగ్గులు వేశారు. సోమన్న కూడా వచ్చాడు. స్వామి తిరిగినన్నాళ్ళూ చెంచులెవరో ఒకరు వెంట ఉంటారు.

"మా ఇంటి పిల్లను చేసుకున్నాడు గదమ్మా మీ దేవుడు, మాకల్లుడు" అని వాసవికి చెప్పాడు. "బయలెల్లే పొద్దు ఆ పల్లకి మిందికే బాణమేస్తాం."

"దెబ్బ తగల్దా?"

"అల్లునికి ఎవురన్నా తగిలేట్టు ఏస్తారా? ముద్దుకు ఏస్తాం."

బోయీలు పల్లకి ఎత్తారు. డప్పులు ముందు, మేం వెనక. ఊరు దాటాక డప్పులు ఆగాయి, బోయీల పాదాల చప్పుడు మిగిలింది. రెండు పక్కలా నల్లరేగడిలో శనగ చేలు. ఎవరో రైతు పిలిచి ఒక శనగ మొక్క పీకి వాసవి చేతికిచ్చాడు. పచ్చి కాయలు ఒలుచుకుంటూ, ఒకటి తాను తిని ఒకటి నాకిస్తూ నడిచింది. చదునైన దారి, ఎక్కాల్సింది లేదు, దిగాల్సింది లేదు. ఇన్ని కొండలు ఎక్కించానే, నా బిడ్డకు సరిపోయే దారి మా ఊరికి ఇంత దగ్గర్లో ఉంది.

"పెండ్లికొడుకే వచ్చి పిలుస్తాడా నాయనా?"

"ఊఁ."

"ఆయనకు అంగడి లేదు గదా. అందుకే తిరుగుతాండాడు."

నవ్వాను. నవ్వు ఆగేలోపు ఇంకో కాయ నా చేతిలో పెట్టి, అదే గొంతుతో అడిగింది.

"తమ్ముడు పోయిన పొద్దు నీకు ఆటో దొరకలేదంట గదా. అమ్మ చెప్పింది."

నా కాళ్ళు ఆగిపోయాయి. పల్లకి ముందుకు పోతూ ఉంది.

"అమ్మ చెప్పిందా?"

"ఊఁ. మాకు దొరికింది. పక్కింటి ప్రమీలమ్మవ్వ చెయ్యెత్తంగానే నిలబడింది. నీకెందుకు దొరకలేదని అడిగితే, అంగడి బజార్లో పొద్దున్నే ఆటోలు రావులే, మీ నాయన శానా ఎతికినాడు అని చెప్పింది."

ఆటో దొరకలేదన్న మాట నేను ఆసుపత్రిలో అందరి ముందూ అన్నాను. ఉష మంచం మీద గోడ వైపు తిరిగి ఉంది, వినలేదేమో అనుకున్నాను. విన్నది. అబద్ధమని ఆమెకు తెలుసు, ఎందుకంటే ఆ పొద్దున నేను ఫోన్‌లో నిజంగా ఏమన్నానో విన్నది ఆమె ఒక్కతే. అయినా నా అబద్ధాన్ని నా బిడ్డకు నా తరఫున చెప్పింది. నేను వెతికానని కూడా చేర్చింది.

అవును తల్లీ అంటే సరిపోయేది. ఇరవై రెండు రోజుల్లో వాయిదా. పాప నా చెయ్యి పట్టుకుని ఉంది. అవును అంటే ఆదివారాలన్నీ నావే.

మా ప్రాంతంలో కోమటి సాక్ష్యం అని ఒక మాటుంది, ఎటూ తేల్చకుండా చెప్పే సాక్ష్యానికి. ఈ డైరీలో నేను రాస్తున్నది అదే. ఎవరూ చూడని కాగితం మీద కూడా.

కాలవ గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాను. ఏం చెప్పానో ఇక్కడ కూడా రాస్తాను.

ఏడింటికి కొట్టు తెరిచాను. ఏడున్నరకు మీ అమ్మ ఫోన్ చేసింది, నొప్పొస్తాంది, రండి అని. అప్పటికి బోణీ కాలేదు. బోణీ కాకుండా కొట్టు దిగితే ఆ కొట్టు నిలబడదని మీ తాత భాస్కరయ్య చెప్పేవాడు. వాళ్ళమ్మ పోయిన కబురు వచ్చినా బోణీ అయ్యాకే లేచాడని మా ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. నేనూ గొప్పగానే చెప్పుకున్నాను. "బోణీ కానీ, వస్తా" అని ఫోన్ పెట్టేశాను. రోడ్డు మీద ఆటోలు పోతూనే ఉన్నాయి, బండి కొట్టు ముందరే ఉంది. ఎనిమిది నలభైకి ఓబయ్య వచ్చి పావు కిలో బెల్లం అడిగాడు. తూచి ఇచ్చి వచ్చాను. మీరు ఇంట్లో లేరు.

వాసవి శనగ మొక్క వేరుకు అంటిన మట్టిని గిల్లుతూ ఉంది.

"నువ్వే ఒక చాక్లెట్ కొనుక్కోనుంటే బోణీ అయిపోయేది గదా నాయనా" అంది.

నాకు తట్టలేదు. దేవుడి మీద ఒట్టు, ఆ డెబ్బై నిమిషాల్లో నాకది తట్టలేదు. ఏడ్చాను. పల్లకి వెంట వెనకబడి వస్తున్న ఇద్దరు ముసలమ్మలు చూసి, భక్తి అనుకున్నారేమో, నా వైపు దణ్ణం పెట్టి పోయారు.

పాప మొక్కను గట్టు మీద పెట్టింది. "పోదాం" అంది. పల్లకి వెళ్ళిన వైపు కాదు, వ్యాను ఉన్న వైపు. నా చెయ్యి పట్టుకోలేదు. దూరం ఎంతో, ఎంతసేపు పట్టిందో నేను రాసుకోలేదు.

ఫిబ్రవరి 1, శనివారం

డాక్టరమ్మ ఆ రోజు ఇంకో మాట చెప్పింది, గంట ముందు తెచ్చినా బహుశా నిలిచేది కాదని. ఆ మాటను నేను ఉషకు ఎన్నిసార్లు చెప్పానో. ఓదార్చడానికనుకున్నాను. నన్ను నేను గెలిపించుకోవడానికి చెప్పాను. అందుకే నెల తిరగకుండా వెళ్ళిపోయింది. ఆమెకు కావాల్సింది బిడ్డ బతికేవాడా లేదా అనే లెక్క కాదు. ఆ గంటలో పక్కన నేను కావాలి.

ఆమె కావాలి నాకు. ఇప్పుడు రాయడానికి సిగ్గు లేదు. ప్రతి దారిలో ముగ్గురికి చోటు చూశాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

రాలేదు. ఈసారి జ్వరమని చెప్పలేదు. "పాప వద్దంటాంది" అన్నాడు మామ. ఆయన గొంతులో సంతోషం లేదు, అది మాత్రం ఒప్పుకోవాలి.

ఫిబ్రవరి 12, బుధవారం

సోమన్న కుంకుళ్ళు తెచ్చాడు. "ఏ దోవకు పోతాండావు శెట్టీ ఈసారి?" అన్నాడు. పిల్లే రాదని చెప్పాను. ఎందుకని అడిగాడు, చెప్పాను. కుంకుళ్ళ మూట మీద చెయ్యి పెట్టుకుని అంతా విని, "ఇంగొకనితో తెలిసేకంటే నీతోనే తెలిసింది, మంచిదే" అన్నాడు. వెళ్తూ వెళ్తూ, "ఇప్పుడు మాత్రం నోరు మూస్కోని కూసో" అన్నాడు.

ఫిబ్రవరి 17, సోమవారం

వాసవి నీలం గౌను వేసుకుంది. నా వైపు చూడకుండా జడ్జి గారి గదిలోకి వెళ్ళింది. పావుగంట.

వరండాలో ఉష వచ్చి నా ముందు నిలబడింది. ఇంత దగ్గరగా చూసి ఏడాదిన్నర. చిక్కిపోయింది. చెంప పక్కన రెండు తెల్ల వెంట్రుకలు, నాతో ఉన్నప్పుడు లేవు.

"దానికెందుకు చెప్పినారు?" అంది.

"నువ్వెందుకు చెప్పలే?"

"నాకు మీ మింద కోపం. దానికి నాయన కావల్ల గదా."

గోడకు ఆనుకున్నాను. ఏడాదిన్నరగా చెప్పాల్సింది అప్పుడు చెప్పాను. "తప్పు నాదే ఉషా. ఆటో లేక కాదు."

"తెల్సు" అంది. "మీ నోట్లో నుంచి వస్తాదని శానా రోజులు చూసినా. ఇంగ చూడ్డం మానుకున్నా." కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకునేంత నీళ్ళు లేవు. వెళ్ళి వాళ్ళ నాయన పక్కన కూర్చుంది.

తర్వాత మమ్మల్ని లోపలికి పిలిచారు. పాప ఏమందో జడ్జి గారే చెప్పారు. నాయన మింద కోపం ఉండాది, పోయినాక వస్తా, అందట. ఎన్నాళ్ళకు పోతుందమ్మా అని అడిగితే, "నాకెట్ల తెలుస్తాది సార్? పోయినపుడు తెలుస్తాది" అందట. చెబుతూ ఆయన చిన్నగా నవ్వి, మళ్ళీ మొహం సరిచేసుకున్నారు. బలవంతంగా పంపకూడదు, పాప తనకై తాను వస్తానంటే ఎవరూ ఆపకూడదు, ఫోన్ చేసుకోవచ్చు. అంతే.

బయట మా లాయరు, "ఓడిపోయినట్టే లెక్క" అన్నాడు. పోయినాక వస్తా అంది కదండీ, రాను అనలేదు కదా అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

ఫిబ్రవరి 23, ఆదివారం

నాలుగో ఆదివారం. ఎనిమిదింటికే వ్యాను కడిగాను. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి. చిత్రాన్నం కూడా కలిపాను. తొమ్మిదయ్యింది. కొట్టు తెరవలేదు, అరుగు మీద ఊరికే కూర్చున్నాను. తొమ్మిదిన్నరయ్యింది. ఓబయ్య వచ్చి ఏందప్పా మూసినావే అని అడిగిపోయాడు.

పదికి ఫోన్ మోగింది. ఉష నంబరు. ఏడాదిన్నరగా ఆ నంబరు నా ఫోన్‌లో వెలగలేదు. ఎత్తాను. అవతల ఊపిరి వినిపించింది, చిన్న ఊపిరి.

"ఇంగా పోలే నాయనా" అంది వాసవి.

"సరే తల్లీ" అన్నాను. ఇంకేమైనా అనేలోపు పెట్టేసింది.

కోపం పోలేదని చెప్పడానికి ఫోన్ చేసింది. ఎవరూ చేయమనలేదు, తనే గుర్తుపెట్టుకుని, ఆదివారం చూసుకుని, వాళ్ళమ్మ ఫోన్ అడిగి తీసుకుని చేసింది. ఆమె ఇచ్చింది.

వచ్చే నెల రెండో ఆదివారం తొమ్మిదో తేదీ. పదింటికి ఫోన్ దగ్గరే ఉండాలి.